సంచి ఖాళీగా తిరిగివ్వకూడదు

పుంతా కార్దో
సెప్టెంబర్ 3, బుధవారం

గౌరవనీయులైన సగ్రారియో గారికి,

హినేస్ నమస్కారాలతో రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ బెల్జియంలో, లియేజ్‌లో మీరూ, మీ ఎడమ మోకాలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ముందు క్షేమం అడగాలి, తర్వాతే సంగతి అని మీరు చెప్పారు. అందుకని మోకాలితో మొదలుపెట్టాను.

నా నోటు పుస్తకం మొదటి పేజీలో మీరు రాసిన నంబరుకే ఇది పంపుతున్నాను. ఫోన్‌లో రాసినా ఉత్తరం ఉత్తరమే, ఊరూ తేదీ పైన ఉండాలి, పేరు కింద ఉండాలి అనేవారు మీరు. గొంతుతో చెప్పి పంపడం సులువే, కానీ నా గొంతు సంగతి మీకు తెలుసు. ముగ్గురు ఉన్నచోట నాకు మాట పెగలదు. అందుకే బొటనవేలితో ఒక్కో అక్షరం నొక్కుతున్నాను. నిన్న నాన్న చూసి, "ఏంట్రా, ఫోన్‌కి పేలు చూస్తున్నావా?" అన్నాడు. ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నర. ఊరంతా కిటికీ తెరలు దించుకుని పడుకుంది. నేను బోర్లా తిప్పిన పడవ నీడలో కూర్చున్నాను.

సంగతి ఏమిటంటే, మీ ఇల్లు ఇంకా ఖాళీగానే ఉంది. ఇంటి యజమాని తన ఊరు నుంచి ఫోన్ చేసి మీ ఎదురింటి ఇసిదోరా అత్తతో చెప్పాడట, సాన్ మిగేల్ పండుగ దాకా ఆగుతాను, ఆ బెల్జియం ఆవిడ వస్తానంటే ఇల్లు ఆవిడదే, లేకపోతే మద్రిద్ వాళ్ళెవరో అడుగుతున్నారు, వాళ్ళకిచ్చేస్తాను అని. పండుగ ఈ నెల ఇరవై తొమ్మిది. ఇక్కడ అద్దెలు మారేది ఆ రోజునే. అంటే ఇరవై ఆరు రోజులు. మీ దగ్గర నేర్చుకున్న తీసివేత వేసి చూశాను, వేళ్ళు లెక్కపెట్టలేదు.

మార్చిలో వెళ్ళేముందు పురా కిరాణా కొట్లో మీరొక మాట అన్నారట. "మా నాన్న లియేజ్ గనుల్లో నలభై ఏళ్ళు ఈ దేశం పేరు చెప్పుకుని బతికాడు. ఈ దేశానికి మాత్రం నేను అక్కర్లేదు" అని. పురా ఆ మాట ఇప్పటికీ వచ్చినవాళ్ళకల్లా చెబుతుంది. చెప్పి కళ్ళు తుడుచుకుని, తర్వాత ఉల్లిపాయలు తూస్తుంది.

అందుకని ఈ ఊళ్ళో ఎలా బతకాలో మీకు రాద్దామనుకున్నాను. మీ భాష మా భాషే. మా అందరికన్నా మీరే బాగా మాట్లాడతారు. కానీ ఊరు తెలియడం వేరు. పుట్టినప్పటినుంచీ తెలిసిన సంగతులని ఇంకొకరికి చెప్పాలని మాకెవరికీ తట్టలేదు.

మొదట కొట్టు సంగతి. మీరు వచ్చిన కొత్తలో పురా కొట్లోకి వెళ్ళి తలుపు పక్కన నిలబడేవారు. ఎవరో ఒకరు మీ ముందు నుంచి వెళ్ళి కొనుక్కునేవారు. తర్వాత ఇంకొకరు. మీరు ముప్పావు గంట నిలబడి రెండు టమాటాలతో వచ్చేవారు. వాళ్ళు మిమ్మల్ని తోసేశారని మీరు అనుకున్నారు. అది కాదు. ఇక్కడ వరస కాళ్ళతో కట్టరు, నోటితో కడతారు. లోపలికి అడుగు పెట్టగానే అందరికీ నమస్కారం చెప్పి, "చివర ఎవరు?" అని గట్టిగా అడగాలి. ఎవరో "నేను" అంటారు. ఇక మీరు వాళ్ళ వెనక. తర్వాత మీరు కూర్చోవచ్చు, బయటికెళ్ళి ఫోన్ మాట్లాడుకోవచ్చు, మీ చోటు ఎక్కడికీ పోదు. అడగకుండా నిలబడ్డవాళ్ళు కొనడానికి రాలేదని, ఊరికే చల్లగా ఉందని నిలబడ్డారని అనుకుంటారు. పురా అదే అనుకుందట. "ఆవిడకి నా కొట్టు వాసన ఇష్టమేమో అనుకున్నానే" అంది మొన్న.

ఆ రెండు మాటలు గట్టిగా అడగలేక నేనూ చాలాసార్లు ఉప్పు లేకుండా ఇంటికి వచ్చేశాను. కాబట్టి మీ బాధ నాకు తెలుసు.

ఇంకోటి కుర్చీ. వేసవిలో సాయంత్రం ఎనిమిదింటికి అందరూ కుర్చీలు తెచ్చుకుని వీధిలో కూర్చుంటారు కదా. మీరు అక్టోబర్లో వచ్చారు, ఆ నెలలో ఇంకా ఎండగానే ఉంది, అందరూ బయటే ఉన్నారు. మీరు మేడమీద కిటికీలో నిలబడి చూసేవారు, ఎవరైనా పిలుస్తారేమోనని. ఎవరూ పిలవరు. ఎవరినీ పిలవరు. ఎవరి కుర్చీ వాళ్ళు మోసుకొచ్చుకోవాలి, ఎక్కడ వేస్తే అదే మీ చోటు. పిలిస్తే అది చుట్టరికం కాదు, మర్యాద. మర్యాద ఇక్కడ పరాయివాళ్ళకి చేస్తారు. అప్పట్లో ఇసిదోరా అత్త మీ కిటికీ వైపు చూస్తూ, "మన గాలి ఆవిడకి పడదు కాబోలు, పైన ప్రత్యేకంగా పీలుస్తోంది" అనేది. మీరు వస్తే బాగుండునని ఆవిడ అలాగే అంటుంది. ఆవిడ మాట ఎప్పుడూ లోపల మెత్తగా, బయట ముల్లుగా ఉంటుంది, సముద్రంలో రాళ్ళకంటుకునే నల్లగుల్లలాగ.

గ్యాస్ బండ మంగళవారం. ఖాళీ బండ గుమ్మం బయట పెట్టి లోపలికి వెళ్ళిపోండి. బండివాడు హారన్ కొడతాడు, మీరు కిటికీలోంచి చెయ్యి ఊపితే చాలు. మీరు ప్రతిసారీ కిందికి దిగి అతనికి కాఫీ ఇవ్వబోయేవారు, అతను భయపడి మీ వీధిని తన వరసలో ఆఖరికి మార్చుకున్నాడు.

రెండు నుంచి ఐదు దాకా ఎవరి తలుపూ కొట్టకండి. చనిపోయారని చెప్పడానికైనా ఐదు దాకా ఆగుతారు. చనిపోయినవాళ్ళకి తొందరేముంది అంటాడు నాన్న.

మీరు మీ వంటింట్లో ఆ గుండ్రటి బల్ల వేసి, దాని మీద నేల దాకా వేలాడే మందపాటి గుడ్డ కప్పి, కింద కుంపటి పెట్టేవారు కదా. సోమవారం, గురువారం ఐదున్నరకి నేను వచ్చి ఆ గుడ్డ మోకాళ్ళ మీదికి లాక్కునేవాణ్ణి. పాదాలు వెచ్చగా, ముక్కు చల్లగా ఉండేది. మీరు ఎర్ర పెన్సిల్ చెక్కుతూ ఉండేవారు. ఇప్పటికీ సోమవారం ఐదున్నరకి నా కాళ్ళు వాటంతటవే మీ వీధిలోకి తిరుగుతాయి. తలుపు చూసి వెనక్కి వస్తాను. ఎవరైనా చూస్తే పిల్లిని వెతుకుతున్నానని చెబుతాను. మాకు పిల్లి లేదు.

సంతకం కింద రాసే చిన్న మాటలోనే జనం అసలు సంగతి పెడతారని, పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళు చదువురానివాళ్ళ ఉత్తరాలు చదివి పెట్టిన మీరు చెప్పారు. నాకు కింద రాయాల్సింది ఏమీ లేదు.

మీ శిష్యుడు
హినేస్


పుంతా కార్దో
సెప్టెంబర్ 15, సోమవారం

గౌరవనీయులైన సగ్రారియో గారికి,

మళ్ళీ హినేస్. మేం క్షేమం, మీ క్షేమం కోరుతున్నాను.

నేను పంపిన ఉత్తరం పక్కన రెండు టిక్కులు ఎనిమిది రోజులు బూడిద రంగులో ఉన్నాయి. పదకొండో తారీఖున నీలం అయ్యాయి. అప్పుడు నేను గాలాల తాడు చుడుతున్నాను. తాడు వదిలేశాను. నాన్న తిట్టాడు. "నువ్వు చూసే ఆ ఫోన్‌లో చేపలు పడతాయంటే చెప్పు, పడవ అమ్మేస్తాను" అన్నాడు. మీరు చదివారని మాత్రం తెలిసింది. జవాబు రాలేదు. ఫరవాలేదు. జవాబు రాయడానికి ఎన్ని రోజులు పడుతుందో నాకు తెలుసు, నాకు ఒక్క ఉత్తరానికే ఆరు నెలలు పట్టింది.

ఇంకా పద్నాలుగు రోజులు ఉన్నాయి.

ఈసారి గాలి సంగతి రాస్తాను. తూర్పు గాలి మొదలైతే మూడు రోజులో, ఆరు రోజులో, తొమ్మిది రోజులో ఉంటుంది. తలుపులు కొట్టుకుంటాయి, నోట్లో ఇసుక, తలలో మంట. ఆ రోజుల్లో ఇక్కడ ఎవరూ ఏదీ తేల్చరు. పెళ్ళి మాటలు మాట్లాడరు, వల కొనరు, అన్నదమ్ములు పొలం గట్టు గురించి పోట్లాడరు. "గాలి తిరిగాక చూద్దాం" అంటారు. తూర్పు గాలిలో అనుకున్నది పడమటి గాలిలో మళ్ళీ ఒకసారి అనుకోవాలని పద్ధతి. మీరు మార్చి ఇరవై రెండున పొద్దుటి బస్సెక్కారు. అది తూర్పు గాలి ఐదో రోజు. మీరు వెళ్ళిన మర్నాడు గాలి తిరిగింది. సముద్రం పళ్ళెంలో నూనెలా అయిపోయింది. ఆ రోజు అందరూ ఒకే మాట అనుకున్నారు, ఒక్క రోజు ఆగుంటే అని.

చావుల సంగతి కూడా తెలిసుండాలి. చర్చి పక్క గోడ మీద నల్ల అంచు కాగితం కనిపిస్తే పేరు చదివి, ఆ సాయంత్రం వెళ్ళి కాసేపు నిలబడాలి. చుట్టమై ఉండక్కర్లేదు. ఊళ్ళో ఉంటే చాలు. నేను జీవితంలో తప్పు లేకుండా మొదటిసారి చదివింది అలాంటి కాగితమే, ఫిబ్రవరిలో, తాళాలు బాగుచేసే ముసలాయనది. పరుగున వచ్చి మీకు చెప్పాను. "చదివేశాను, తాళాలాయన పోయాడు" అని నవ్వుతూ చెప్పాను. మీరు నవ్వాలో వద్దో తెలియక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఇప్పుడు అసలు నేర్చుకోవాల్సింది. సంచి సంగతి.

మా వీధిలో ప్రతి గుమ్మానికీ గుడ్డ సంచి వేలాడుతుంది, పొద్దున రొట్టె బండివాడు అందులో రొట్టె వేసి పోతాడు. అదొక్కటే కాదు దాని పని. ఎవరికైనా ఏదైనా ఇవ్వాలనిపిస్తే ఆ సంచిలోనే పెట్టి వాళ్ళ తలుపుకి తగిలిస్తారు. నిమ్మకాయలు, గుడ్లు, చేపలు, ఏవైనా. తలుపు కొట్టరు. పేరు చెప్పరు. ఎవరిచ్చారని పుచ్చుకున్నవాళ్ళు అడగరు, అడిగినా తెలిసినవాళ్ళు చెప్పరు. చెబితే ఇచ్చింది అప్పు అయిపోతుంది. చెప్పకపోతే చెట్టు నుంచి కాయ పడ్డట్టు. పుచ్చుకున్నవాళ్ళు చెయ్యాల్సింది ఒక్కటే. సంచి ఖాళీగా తిరిగివ్వకూడదు. రెండు ఉల్లిపాయలైనా వేసి, సంచి ఎవరిదైతే వాళ్ళ గుమ్మానికి తగిలించాలి. వాళ్ళే ఇచ్చారని కాదు, సంచి ఇల్లు చేరాలి కాబట్టి.

చలికాలంలో మీ తలుపుకి వేలాడినవి అవే. బెదిరింపులు కావు. మొదట కవళ్ళనే చిన్న చేపలు వచ్చాయి. తర్వాత ఆక్టోపస్. తర్వాత మచ్చల మలుగు, పాములాంటి చేప, అది నోరు తెరుచుకుని చచ్చిపోతుంది, దాని మొహమే అంత. ఆఖరున మార్చి ఇరవై ఒకటిన పెద్ద మలుగు తలకాయ, పళ్ళతో సహా. లియేజ్‌లో పొద్దున తలుపు తీయగానే తెగిన తల కనిపిస్తే ఎలా ఉంటుందో ఇప్పుడు ఊహించుకోగలను. ఇక్కడ మాత్రం ఆ తలకాయ అందరికీ ఇవ్వరు. ఊళ్ళో అన్నిటికన్నా మంచి పులుసు దానితోనే. తలకాయ ఎవరికిస్తే వాళ్ళు ఇంట్లో పెద్ద అని. నాన్న పట్టిన చేప తల పోయినేడు మా మామయ్యకి కూడా ఇవ్వలేదు, రెండు నెలలు ఆయన మాతో మాట్లాడలేదు.

మీరు కొట్లో అందరి ముందూ, "నా తలుపుకి ఎవరు తగిలిస్తున్నారు?" అని అడిగారట. పురా, "తెలిసినవాళ్ళు చెప్పరమ్మా, చెప్పేవాళ్ళకి తెలీదు" అందట. మిగతావాళ్ళు నేల చూశారట. మీరు ఊరంతా కలిసి మీ మీద ఏదో చేస్తోందనుకున్నారు. వాళ్ళు పద్ధతి పాటిస్తున్నామనుకున్నారు. పురా ఈ మధ్య అంటోంది, "ఆవిడ గొంతు వణికిందే, నేను చలి అనుకున్నాను" అని.

ఇసిదోరా అత్త గురించి కూడా చెప్పాలి. సంచి మీద ఎర్ర దారంతో ఆవిడ పేరు మొదటి అక్షరం ఉందని మీరు గుర్తుపట్టారు. ఎదురిల్లు కాబట్టి ఆవిడ పనే అనుకున్నారు. "ఇదంతా మీరే చేస్తున్నారని నాకు తెలుసు, సంచి మీది" అని చీటీ రాసి ఆవిడ తలుపు కింద తోశారు. అత్తకి చదువు రాదు, పురా చదివి వినిపించింది. అంతకుముందే అత్త తన సంచులు మూడు మీ ఇంటి ముందు చెత్తడబ్బాలో చూసింది, చేపలతో సహా. ఆ సంచులు ఆవిడ చేత్తో కుట్టినవి. అయినా నోరెత్తలేదు. ఎవరు తగిలించారో ఆవిడకి తెలుసు. చెప్పేస్తే మీ అనుమానం పోయేది. పురా అడిగితే, "ఇచ్చినవాడి పేరు బయట పెట్టడం కన్నా దొంగ అనిపించుకోవడం నయం" అంది. మీరు వెళ్ళినప్పటినుంచి అత్త కుర్చీ వీధిలోకి రాలేదు. ఈ వేసవి అంతా రాలేదు. ఆవిడ లేకపోతే మిగతావాళ్ళని తిట్టేవాళ్ళు లేరు, సాయంత్రాలు చప్పగా ఉన్నాయి.

నిన్న ధైర్యం చేసి ఆవిడ వంటింట్లోకి వెళ్ళి, సగ్రారియో గారికి ఉత్తరం రాశానని చెప్పాను. ఆవిడ వెనక్కి తిరగకుండా చిక్కుళ్ళు ఒలుస్తూనే, "నా గురించి ఏం రాశావు?" అంది. నల్లగుల్ల అని రాశాను, అన్నాను. "ఆవిడకి నల్లగుల్ల తినడం తెలుసా?" అంది. తెలీదు అన్నాను. "అదీ సంగతి" అంది.

ఎవరు తగిలించారో మాత్రం నేనూ రాయను. పద్ధతి అలాంటిది.

నేనిప్పుడు గొలుసుకట్టుగా కలిపి రాసిన అక్షరాలు కూడా చదవగలను. మీరు వెళ్ళేసరికి పుస్తకాల్లోని అచ్చు అక్షరాలే వచ్చేవి, మీ చేతిరాత చూస్తే కెరటాలు చూస్తున్నట్టే ఉండేది. మీరు వదిలి వెళ్ళిన పుస్తకంలో మీ రాత మీద కాగితం పెట్టి దిద్దుకుంటూ దిద్దుకుంటూ, ఆగస్టులో ఒక రోజు కెరటాలు ఆగిపోయి మాటలయ్యాయి.

మీ శిష్యుడు
హినేస్


పుంతా కార్దో
సెప్టెంబర్ 24, బుధవారం

గౌరవనీయులైన సగ్రారియో గారికి,

మేం క్షేమం. మీరూ క్షేమమే అనుకుంటాను, ఎందుకంటే రెండో ఉత్తరం పంపిన గంటకే నీలం టిక్కులు పడ్డాయి. తర్వాత పేరు కింద "రాస్తున్నారు" అని కనిపించింది. ఆగిపోయింది. మళ్ళీ కనిపించింది. నేను పడవ అంచు మీద కూర్చుని అలాగే చూశాను. ఏమీ రాలేదు. అలా మీరు రాస్తున్నారని తెలియడం కూడా బాగానే ఉంది, గోడ అవతల ఎవరో నడుస్తుంటే వినిపించినట్టు.

శనివారం మద్రిద్ వాళ్ళు ఇల్లు చూడడానికి వచ్చారు. భార్యాభర్తలు, ఒక చిన్న కుక్క. కొనుక్కున్న కొత్త గడ్డి టోపీలు. వేసవిలో రెండు నెలలు ఉండి మిగతా ఏడాదంతా తాళం వేస్తారట. తాళంచెవి ఇసిదోరా అత్త దగ్గరే కదా, ఆవిడే చూపించింది. నేను మెట్ల మీద ఉండి అంతా విన్నాను. మొదట గోడల చెమ్మ చూపించింది. వాళ్ళు రంగు వేయిస్తామన్నారు. తూర్పు గాలి గురించి చెప్పింది. వాళ్ళు గాలి మాకిష్టమన్నారు. అత్త తలుపు గొళ్ళెం తడుముతూ, "ఇంకేం లేదు, చలికాలంలో ఈ తలుపుకి తలకాయలు వేలాడతాయి. నెలకి ఒకటో రెండో. అలవాటు పడాలి" అంది. ఆయన ఏం తలకాయలన్నాడు. అత్త, "పళ్ళున్నవి" అంది. ఆలోచించి చెబుతామని వెళ్ళిపోయారు. కుక్క ముందు పరుగెత్తింది.

వాళ్ళు వెళ్ళాక ఆవిడని చూశాను. మీకు తెలుసు, నేను మనుషుల మొహాలు చూడను, చేతులే చూస్తాను. ఆ రోజు మొహం చూశాను. నవ్వుతోందనుకున్నాను, కానీ కాదు. "ఆవిడ కిటికీలో నిలబడి చూసేది కదరా. ఒక్కసారి, రావే, కుర్చీ తెచ్చుకోవే అని అరిచుంటే నా నోరు పడిపోయేదా?" అంది. పద్ధతి కాదు కదా అత్తా, అన్నాను. "పద్ధతి తగలెయ్య" అంది.

ఆ మాట ఆదివారం దాకా నా చెవుల్లో ఉంది.

ఆదివారం సాయంత్రం ఎనిమిదింటికి మా కుర్చీ మోసుకుని వీధిలోకి వెళ్ళాను. పురా ఉంది, నాన్న ఉన్నాడు, ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను. పురా, "ఏంరా, ఉప్పు కావాలా?" అంది, అందరూ నవ్వారు. ఎదురు కిటికీలో ఇసిదోరా అత్త ఉంది, తెర వెనక. నేను గట్టిగా ఒక మాట చెప్పాను. పదిహేడు మాటలు, తర్వాత లెక్కపెట్టుకున్నాను. నాన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కాసేపటికి అత్త తలుపు తెరుచుకుంది. ఒక కుర్చీ తెచ్చి వేసింది. మళ్ళీ మీ ఇంటి తాళం తీసి, మీ వంటింట్లోని తుంగ కుర్చీ తెచ్చి తన పక్కన వేసింది.

అప్పటినుంచి రోజూ సాయంత్రం రెండు కుర్చీలూ వస్తున్నాయి. నిన్న గాలికి మీది పడిపోయింది. పురా, "ఖాళీ కుర్చీ ఎందుకే, లోపల పెట్టు" అంది. అత్త దాన్ని లేపి నిలబెట్టి, "చివర ఉన్నది ఆవిడే, చోటు ఆపాను" అంది.

ఇంటి యజమాని మాట మారలేదు. సోమవారం సాన్ మిగేల్. వస్తానని ఒక్క మాట రాస్తే చాలు. రానంటే అదీ రాయండి. మీరు రాయడం ఆపేసినప్పుడల్లా నాకు పాదాలు చల్లబడుతున్నాయి.

కుంపటి దులిపి పెట్టాను. బల్ల మీద గుడ్డ ఉతికి ఆరేశాను. ఎర్ర పెన్సిల్ బెత్తెడుంది, ఇంకో ఏడాది వస్తుంది.

మీ శిష్యుడు
హినేస్

కింద రాయాల్సింది: సంచులు తగిలించింది నేను. ఆదివారం అందరి ముందూ చెప్పింది అదే. "సగ్రారియో గారి తలుపుకి తగిలించింది నేను. ఆవిడ భయపడి వెళ్ళిపోయారు. ఇసిదోరా అత్త నింద మోసింది. తప్పు నాది. పద్ధతి కాకపోయినా చెబుతున్నాను."

నవంబరులో రేవు ఆఫీసు కాగితం పట్టుకుని మీ దగ్గరికి వచ్చి, కళ్ళజోడు మర్చిపోయాను, చదివి పెట్టండి అన్నాను. మీరు చదివిపెట్టి, "నీకు అసలు కళ్ళజోడు ఉందా?" అన్నారు. నవ్వలేదు. "సోమవారం, గురువారం ఐదున్నరకి రా" అన్నారు. ఏమీ తీసుకోనన్నారు. పుచ్చుకుని ఇవ్వకుండా ఎలా ఉండను? అమ్మ పోయినప్పటినుంచి ఇసిదోరా అత్త తన సంచుల్లో మాకు రొట్టె పంపుతుంది. ఇంట్లో ఉన్నవి అవే, వాటిలోనే పెట్టాను.

జనవరిలో మీరు తలుపు మీద ఒక కాగితం అంటించారు. మంచి కాగితం, నీలం సిరా, పైన ఊరూ తేదీ, కింద మీ సంతకం. అంత శ్రద్ధగా రాశారంటే చేపలు నచ్చాయని, ఇచ్చినవాళ్ళకి కృతజ్ఞతలు చెబుతున్నారని అనుకున్నాను. గాలికి పోతుందని జాగ్రత్తగా ఊడదీసి ఇంటికి తెచ్చుకున్నాను. ఆ వారం ఇంకా పెద్దది తగిలించాను. మీరు రెండో కాగితం అంటించారు. అదీ తెచ్చుకున్నాను. మూడోదీ తెచ్చుకున్నాను. బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాను, మీ చేతిరాత చదవడం వచ్చాక చదువుకుందామని. ఒక గురువారం మీరు కుంపటి బల్ల దగ్గర, "ఎవరు చేస్తున్నారో నీకు తెలుసా హినేస్?" అని అడిగారు. ఇచ్చినవాడు చెప్పకూడదు కాబట్టి తెలీదన్నాను. మీ మొహం చూసి ఉంటే తెలిసిపోయేది. నేను నోటు పుస్తకం చూస్తున్నాను.

ఆగస్టులో కెరటాలు మాటలయ్యాయని రాశాను కదా. నేను మొదట చదివినవి ఆ కాగితాలే. మూడోది ఇలా ఉంది: "మీరెవరో నాకు తెలియదు. మూడోసారి వేడుకుంటున్నాను, ఇక ఆపండి. నాకు భయంగా ఉంది. ఇక్కడ నాకు ఎవరూ లేరు."

మీరే నాకు చదవడం నేర్పారు, లేకపోతే ఇది నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఈ రోజు పొద్దున పక్క ఊరి పోస్టాఫీసుకి వెళ్ళాను. లోపల పదిహేను మంది. తలుపు దగ్గరే నిలబడి, "చివర ఎవరు?" అని అడిగాను, అందరికీ వినిపించేట్టు. ఇసిదోరా అత్త కుట్టిన కొత్త సంచి మీకు పంపాను. దాని మీద మీ పేరు మొదటి అక్షరం ఉంది. లోపల మీ ఇంటి తాళంచెవి, ఆ మూడో కాగితం ఉన్నాయి. సంచి సోమవారానికి చేరుతుందో లేదో తెలీదు, అందుకే ముందు ఇది రాస్తున్నాను. సంచి ఖాళీగా తిరిగివ్వకూడదని మీకు ఇప్పుడు తెలుసు. ఏం పెట్టాలో తెలియకపోతే, దాన్ని చేత్తో పట్టుకుని మీరే రండి.

కాగితం మీద "ఇక్కడ నాకు ఎవరూ లేరు" అని ఉన్నచోట, దాని కింద మేము పేర్లు రాశాం. పురా రాసింది, నాన్న రాశాడు. అత్తకి రాయడం రాదు కదా, నేను చెయ్యి పట్టుకుని రాయించాను. అందరి కిందా నా పేరు ఉంది, కలిపి రాసే అక్షరాల్లో. దాని కింద ఇంకొక పేరుకి చోటుంది. చివర ఎవరని అడిగితే, నేను. నా తర్వాత మీరు.